నాలుగో బెల్టు కూడా తెగింది

మోటారు పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం నాలుగు మంచి మాటలు రాసిమ్మని మా చర్చి కుర్రాళ్లు అడిగారు. మంచి మాటలు నా దగ్గర లేవు. ముప్ఫై ఏళ్లకు పైగా కలకత్తా ఖిదిర్‌పూర్ రేవు పక్కన ఒక సరుకుల కంపెనీ మోటారు షెడ్డులో ఫిట్టరుగా పనిచేశాను. కంపెనీ పేరుతో మీకు పనిలేదు, ఇప్పుడది లేదు కూడా. అక్కడ నేర్చుకున్నదాంట్లో సగం కోపంతో నేర్చుకున్నదే. ఆ కోపం నా మీద కూడా ఉంది కాబట్టి దాచకుండా రాస్తున్నాను.

ఇక్కడ పుట్టిన మన పిల్లలకు ఇంట్లో తెలుగు మాట్లాడటమే గాని చదవడం సరిగా రాదని తెలుసు. వచ్చినవాళ్లెవరైనా చదివి వినిపించండి. మధ్యలో ఆపకండి.

బెల్టు సంగతి

ఇంజను ముందువైపు పుల్లీలు, అంటే అంచున గాడి ఉన్న చక్రాలు, ఉంటాయి. మా కాలపు అంబాసిడర్‌లో మూడే. కింద ఇంజనుతో తిరిగేది ఒకటి, పైన ఫ్యానుదీ నీళ్ల పంపుదీ కలిపి ఒకటి, పక్కన కరెంటు పుట్టించే డైనమోది ఒకటి. ఈ మూడింటినీ చుట్టి ఒక రబ్బరు బెల్టు. అది తెగితే బ్యాటరీకి కరెంటు ఉండదు, ఫ్యాను తిరగదు, పది నిమిషాల్లో రేడియేటరు సలసల కాగుతుంది. ఇప్పటి కార్లలో గీతలున్న వెడల్పాటి బెల్టు ఏసీని కూడా తిప్పుతుంది. బెల్టు మారింది గాని దాని బుద్ధి మారలేదు.

బెల్టు ఊరికే తెగదు. ముసలిదై తెగితే అది చావు, దానికెవరూ ఏమీ చెయ్యలేరు. కొత్త బెల్టు నెలలోపు తెగిందంటే దాన్ని ఎవరో చంపుతున్నారన్నమాట. ఆ చంపేది పక్కనే ఉంటుంది. వంకరగా కూర్చున్న పుల్లీ కావచ్చు, పట్టేసిన బేరింగు కావచ్చు, పైనుంచి కారే ఆయిలు కావచ్చు, లేదా మీరే బలం చూపించి తీగలా బిగించి ఉండొచ్చు. తెగిన బెల్టును చెత్తలో పారేసి కొత్తది ఎక్కించేవాడు మెకానిక్కు కాదు, బెల్టుల దుకాణానికి బేరగాడు. నేను మూడు బెల్టులదాకా ఆ బేరగాడినే.

షెడ్డులో గీతలు

మా షెడ్డులో అప్పట్లో ఎవరి పని వారిది. ఆ గీతలు కంపెనీ గీసిందా, యూనియన్ గీసిందా అంటే ఇద్దరూ కూర్చుని గీశారు. పుల్లీ, బెల్టు, నీళ్ల పంపు ఫిట్టరువి, అంటే నావి. డైనమో మాత్రం ఎలక్ట్రిక్ మిస్త్రీది. నేను డైనమో బోల్టు ముడితే అతని పని లాక్కున్నట్టు, అతను బెల్టు ముడితే నా పని లాక్కున్నట్టు. గీత దాటితే ఆ మధ్యాహ్నమే షెడ్డులో పనిముట్లు కింద పడేవి, గేటు దగ్గర ఎర్ర జెండాలు లేచేవి.

పనివాడి పొట్ట కాపాడటానికి పుట్టిన నియమం అది. దాన్ని నేను తప్పుపట్టను. మా నాన్న ఓడల్లో మూటలు మోసినప్పుడు ఏ నియమమూ లేదు, ఆయన నడుము ఏమైందో నాకు తెలుసు. కానీ ఆ బెల్టు నా పుల్లీల మీదా, అతని పుల్లీ మీదా ఒకేసారి తిరుగుతుంది గదా! మూడింటినీ కలిపి చూసే మనిషి షెడ్డు మొత్తానికి ఒక్కడూ లేడు. అతను వచ్చి డైనమో కరెంటు ఇస్తోందని చూసుకుని వెళ్లేవాడు. నేను బెల్టు కొత్తదని చూసుకుని వెళ్లేవాణ్ణి. ఇద్దరమూ ఒప్పే, కారు మాత్రం దారిలో ఆగిపోయేది.

విశ్వకర్మ పూజ నాడు

కలకత్తాలో విశ్వకర్మ పూజ అంటే కార్ఖానాలకు పెద్ద పండగ. షెడ్డులో మట్టి విగ్రహం పెట్టి, స్పానర్లూ సుత్తులూ కడిగి కుంకుమ బొట్లు పెట్టి దాని ముందు పరుస్తారు. మర్నాటిదాకా వాటిని ఎవరూ ముట్టుకోరు. పైన మైకులో పాటలు, డాబాల మీద గాలిపటాలు. నేను క్రైస్తవుణ్ణి. ప్రసాదం తినేవాణ్ణి, నవ్వుతూ తిరిగేవాణ్ణి, కానీ నా స్పానర్ల సంచి మాత్రం విగ్రహం ముందు పెట్టేవాణ్ణి కాదు. అందుకని ఏటా ఆ ఒక్క రోజు షెడ్డులో పనిముట్టు పట్టగలిగేది నేనొక్కణ్ణే. అది అందరికీ తెలుసు, అవసరమైతే అందరూ వాడుకునేవారు.

ఆ ఏడు పూజ నాడు రేవులో ఒక కూలీ కాలి మీద పెట్టె పడింది. దెబ్బలు తగిలినవాళ్లను ఆస్పత్రికి తీసుకెళ్లడానికి మాకొక తెల్ల అంబాసిడర్ ఉండేది. దాని డ్రైవరు అప్పలస్వామి. మాది శ్రీకాకుళం జిల్లా బారువ దగ్గర, వాళ్లది ఆ పక్క ఊరే. చుట్టరికం లేకపోయినా ఒకరినొకరం బావా అని పిలుచుకునేవాళ్లం. కారు తీద్దామంటే డైనమో ఊగుతోంది, దాన్ని పట్టి ఉంచే బోల్టు ఎక్కడో రాలిపోయింది.

ఎలక్ట్రిక్ మిస్త్రీ చేతికి అప్పుడే తాయెత్తు కట్టించుకున్నాడు, స్పానరు ముట్టనన్నాడు. "సామేల్‌దా, నువ్వే చూడు, నేనేమీ చూడలేదులే" అని మొహం అటు తిప్పుకున్నాడు. దా అంటే బెంగాలీలో అన్న, సామేల్ నేనే. ఇంకో బండి నుంచి బోల్టు తీసి, డైనమో దింపి, కింద పడిన రెండు వాషర్లూ ఏరి, పదిహేను నిమిషాల్లో బిగించేశాను. కూలీ కాలు దక్కింది. ఆ సాయంత్రం అందరూ నా భుజం తట్టారు. పూజ నాడు పని జరగదు కాబట్టి రిజిస్టరులో ఏమీ రాయలేదు. రాయనిది జరగనట్టే అని మా షెడ్డు లెక్క. నేనూ మరిచిపోయాను.

కోసినట్టే ఉంది

అక్కడి నుంచి ఆ కారు బెల్టులు తెగడం మొదలైంది. మొదటిది మూడు వారాలు ఉంది. నాసిరకం సరుకని తిట్టుకుని కొత్తది వేశాను. రెండోది రెండు వారాలకే పోయింది. ఈసారి వదులుగా ఉందనుకుని మూడోదాన్ని ఇంకా గట్టిగా బిగించాను. తప్పు మీద తప్పు! అప్పలస్వామి రెండుసార్లు షెడ్డుకొచ్చి చెప్పాడు.

"బావా, బండి తీసేటప్పుడు కీచుమంతంది. బానెట్టు లోపల నల్లటి పొడి రాల్తంది. ఓసారి సూడు."

నల్లటి పొడి అంటే బెల్టు ఒరుసుకుపోతోందని అర్థం. పసిపిల్లాడు తనకు ఎక్కడ నొప్పో చెప్పలేడు గాని బండి చెబుతుంది, ఆ బండి మాటను అతను మోసుకొచ్చి నా చెవిలో వేశాడు. "కొత్త బెల్టు అలాగే ఉంటాది, పో" అన్నాను. డ్రైవరు మాట మెకానిక్కుకు లోకువ. ఈ రోగం మీకూ వస్తుంది, ఇప్పటినుంచే జాగ్రత్తపడండి.

మూడోది తెగినప్పుడు కారులో గుండె నొప్పి వచ్చిన మనిషి ఉన్నాడు. రేవు వంతెన ఎక్కబోతూ ఆగిపోయింది. అప్పలస్వామి రోడ్డుకు అడ్డంగా నిలబడి ఒక టాక్సీని ఆపి అతన్ని చేర్పించాడు, ఆ మనిషి బతికాడు. పైఆఫీసుకు మాత్రం బతికిన మనిషి అక్కర్లేకపోయింది, దోషి కావాలి. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు అది వచ్చి అప్పలస్వామి మీద పడింది. వారం కిందటే తమ్ముడి పెళ్లికి సెలవడిగితే ఇవ్వలేదని అతను ఫోర్‌మన్‌తో గట్టిగా మాట్లాడాడు. అందుకు కక్షగా బెల్టు కోశాడని కథ అల్లేశారు.

ఆ ఫోర్‌మన్ పేరు గోషాల్ బాబు. చదువుకున్నవాడు, తెల్లచొక్కా నలగనివ్వడు, కంపెనీ ఇద్దరికి బోనసు ఇస్తే అందులో ఒకడు ఈయనే. తెగిన బెల్టును రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని నా దగ్గరకు వచ్చాడు. దాని ఒక అంచు నున్నగా చెక్కేసినట్టుంది, లోపలి దారాలు వేలాడుతున్నాయి.

"సామేల్, ఏటా కాటా, తాయ్ నా?" అన్నాడు. ఇది కోసిందే, అవునా కాదా అని.

ఒకే పక్క అరిగిన బెల్టు ఎలా ఉంటుందో నాకు తెలుసు. పని నేర్పిన ముసలి ఉస్తాద్ గోడకు మేకులు కొట్టి, చచ్చిన బెల్టులన్నీ వాటికి వేలాడదీసి, ఏది ఏ రోగంతో పోయిందో నా చేత చెప్పించేవాడు. ఒక పక్క అరిగితే పుల్లీ వంకర, అడుగు మెరిస్తే గాడి అరిగింది, పగుళ్లుంటే వేడి. ఒక్కసారి ఆ బెల్టును చేతిలోకి తీసుకుని ఉంటే చాలు. తీసుకోలేదు. "హ్యాఁ బాబు, కోసినట్టే ఉంది" అన్నాను. ఆయన దాన్ని కాగితం మీద రాయించాడు, నేను సంతకం పెట్టాను.

మర్నాడు అప్పలస్వామిని సస్పెండ్ చేశారు. విచారణలో నేరం రుజువైతే ఉద్యోగమే కాదు, కంపెనీ లైన్లలో ఆరుగురు తలదాచుకునే ఆ ఒక్క గదీ పోతుంది. డ్రైవరుగా ఇంకెక్కడా పని దొరకదు. రోగుల కారు బెల్టు కోసినవాడికి స్టీరింగు ఎవరిస్తారు?

నాలుగోది

కారును ఇంకో డ్రైవరుకు ఇచ్చారు. నాలుగో బెల్టు వేశాను. పన్నెండో రోజున అదీ తెగింది, అదే పక్క, అదే నున్నటి అంచుతో. అప్పలస్వామి అప్పటికి గేటు లోపలికి అడుగు పెట్టక రెండు వారాలైంది.

గోషాల్ బాబుకు చెప్పాను. "గోడ దూకి వచ్చి కోసి ఉంటాడు" అన్నాడు. నవ్వుతూ అనలేదు, నిజంగానే అన్నాడు! ఒకసారి మనిషిని దొంగ అనుకున్నాక వాడు ఇంట్లో ఉన్నా దొంగే, ఊరు దాటినా దొంగే. ఆ మాట విన్నాక నేరుగా కారు దగ్గరకు వెళ్లాను. బానెట్టు ఎత్తాను.

షెడ్డు అటక మీద పూజ నాటి గాలిపటం దారం చుట్ట ఒకటి దుమ్ము కొట్టుకుని ఉంది. గాజుపొడి పూయని మామూలు దారం. ఒక కొస కింది పుల్లీ ముఖానికి ఆనించి పట్టుకోమని క్లీనరుకిచ్చి, రెండో కొస ఫ్యాను పుల్లీ దాకా లాగాను. సరిగ్గా ఆనింది. తరవాత డైనమో పుల్లీ వైపు లాగాను. దారం దాని మీద ఆనలేదు, మెలి తిరిగి లేచింది. డైనమో పుల్లీ ముందుకు పొడుచుకొచ్చి ఉంది, ఎంతో కాదు, వాషరు మందం. అంత వంకరకే బెల్టు ప్రతి చుట్టులోనూ గాడి అంచుకు ఒరుసుకుంటోంది. నిమిషానికి వేల చుట్లు తిరిగే దానికి బ్లేడు ఎందుకు?

ఎలక్ట్రిక్ మిస్త్రీని తిడదామని నోరు తెరిచాను. అప్పుడు బోల్టు దూరే డైనమో చెవి దగ్గర చూశాను. చెరో పక్క ఒకటి ఉండాల్సిన రెండు వాషర్లూ ఒకే పక్క ఉన్నాయి. ఆ బోల్టు మా షెడ్డులో ఆ కారుకు వాడేది కాదు, ఇంకో బండిది.

ఆ బోల్టు నేనే పెట్టాను. మైకులో పాటలు మోగుతుంటే, పదిహేను నిమిషాల్లో, అందరూ భుజం తట్టేలా.

ఇద్దరు పెద్దమనుషులు

వాషరు సరిచేశాను, దారం మూడింటికీ ఆనింది. గోషాల్ బాబు దగ్గరకు వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "లేఖార్ దర్కార్ నేయి" అన్నాడు, రాయనక్కర్లేదని. రిపోర్టు పైకి వెళ్లిపోయిందట. ఇప్పుడు రాస్తే ఆయన మాట తేలికవుతుందట. నా మీద కూడా డైనమో ముట్టుకున్నందుకు చార్జిషీటు పడుతుందట. "నీ మంచి కోసమే చెబుతున్నా" అన్నాడు. ఈ మాట అన్న ఏ అధికారినీ నమ్మకండి, నా మంచి కోసం ఒక్క అధికారీ ఇంతవరకు ఏమీ చెయ్యలేదు.

యూనియన్ సెక్రటరీ తపన్‌దా దగ్గరకు వెళ్లాను. ఆయన న్యాయం మాట్లాడతాడనుకున్నాను. టీ తెప్పించాడు, భుజం మీద చెయ్యి వేశాడు. అప్పలస్వామి పేరు మీద విచారణ నాడు ఆఫీసును ఘెరావ్ చేయబోతున్నారట, పోస్టర్లు కూడా రాసేశారట. "ఇది యాజమాన్యం దౌర్జన్యం, సామేల్‌దా. మధ్యలో నీ వాషరు తెస్తే పోరాటం నవ్వులపాలవుతుంది. పైగా నువ్వు పక్కవాడి పని ముట్టుకున్నావని కాగితమెక్కితే మనవాళ్లు ఊరుకుంటారా?" అన్నాడు.

ఒకడికి అప్పలస్వామి దొంగగా కావాలి, ఇంకొకడికి అమరుడిగా కావాలి. డ్రైవరుగా ఎవరికీ అక్కర్లేదు. తిలా పాపం తలా పిడికెడు అంటారు. అందరి పిడికెళ్లూ నిండాయి, నాదీ నిండింది. ఎందుకంటే ఇద్దరి మాటా విని నేను పదకొండు రోజులు నోరు మూసుకున్నాను. కోపం వచ్చిందని రాస్తున్నాను గాని ఆ పదకొండు రోజులూ కోపం కాదు, భయం. నాకూ ఇద్దరు పిల్లలు, నాకూ కంపెనీ గదే.

లైన్లలో ఆ గది

పన్నెండో రోజున, విచారణ ఇంకా జరగకముందే, గది ఖాళీ చేయమని అప్పలస్వామికి నోటీసు వచ్చింది. మా ఆవిడ చెప్పింది. డ్యూటీ దిగి నేరుగా వాళ్ల గదికి వెళ్లాను. అతని భార్య గిన్నెలు గోనెసంచిలో సర్దుతోంది. అతను గడప మీద కూర్చుని ఉన్నాడు.

"ఏటి బావా, ఇలగొచ్చినావు? కూకో" అన్నాడు.

కూర్చోలేదు. నిలబడే చెప్పేశాను. పూజ నాటి బోల్టు, వాషర్లు, దారం, ఇద్దరు పెద్దమనుషులు, పదకొండు రోజులు. లోపల గిన్నెల చప్పుడు ఆగింది. అంతా అయ్యాక అతను నెమ్మదిగా అడిగాడు.

"వాసరు తప్పు ఎవులికైనా వత్తాది బావా. ఆ కూలోడి కోసం నువ్వు పరుగెట్టి సేసినావు, నాను సూసినాను. దానికి నిన్నేటీ అన్ను. ఒక్కటి సెప్పు. కోసినట్టుందన్నావు గదా, బెల్టు సూసి అన్నావా, నా మొకం సూసి అన్నావా?"

"రెండూ సూడ్నేదు బావా" అన్నాను. "గోషాల్ బాబు మొకం సూసి అనీసినాను."

నన్ను కొట్టి ఉంటే బాగుండేది.

"అయితే మరి ఎల్లు. రేపు ఏటి సేత్తావో సూత్తాను" అన్నాడు.

కాగితం

మర్నాడు పొద్దున్నే తెల్లకాగితం మీద అంతా రాసి, దారం ముక్క, అలాంటివే రెండు వాషర్లు, నాలుగో బెల్టు కలిపి పైఆఫీసులో ఇచ్చాను. విచారణలో పెద్దలందరి ముందూ దారం లాగి చూపించాను. వాషర్లు రెండూ ఒకే పక్క పెట్టి ఒకసారి, చెరో పక్క పెట్టి ఒకసారి. అప్పలస్వామిని మళ్లీ పనిలోకి తీసుకున్నారు, గది మిగిలింది. ఘెరావ్ జరగలేదు. తపన్‌దా రెండేళ్లు నాతో మాట్లాడలేదు. నాకు పడిన శిక్ష గురించి రాయను, అది తక్కువే. గోషాల్ బాబుకు ఏమీ కాలేదు. ఏమీ కాదు, ఎప్పుడూ కాదు. ఆయన రిటైరైనప్పుడు పూలదండ వేశారు, ఆ దండ కొనడానికి నా చేతా చందా వేయించారు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది.

అప్పలస్వామి పనిలోకి వచ్చిన రోజు కారును నేరుగా నా దగ్గరకే తెచ్చాడు. బానెట్టు తనే ఎత్తాడు. జేబులోంచి గాలిపటం దారం తీశాడు, ఇంటి దగ్గర డాబా మీద పిల్లల దగ్గర తెచ్చుకున్నాడట. ఒక కొస తను కింది పుల్లీకి ఆనించి వంగి పట్టుకున్నాడు, రెండో కొస నా చేతికిచ్చాడు. చుట్టూ మనుషులు మూగారు. ఎలక్ట్రిక్ మిస్త్రీ ఉన్నాడు, గోషాల్ బాబు కూడా తన గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. దారం లాగుతూ, అలవాటుకొద్దీ, నేను తల తిప్పి ఆయన వైపు చూశాను.

"అటేటి సూత్తన్నావు బావా?" అన్నాడు అప్పలస్వామి వంగినవాడు వంగినట్టే. "దారం సూడు."